హైదరాబాదు పోలీసు జట్టులో ప్రథముడెవడు?

మా బోర్డింగు బాలురకు సాయంకాలపు ప్రార్థనకును రాత్రి భోజనమునకును నడుమ అరగంట తీరిక దొరకును. ఆ అరగంటలో వారికి మిక్కిలి ప్రియమైన పని వాదము చేయుట. వారి వాదములన్నిటిలో పెద్దది, ఫుట్‌బాలు ఆటగాండ్రలో నెవడు గొప్పవాడను వాదము. ఒకడు మెస్సీ యనును. వేరొకడు రొనాల్డో యనును. ఈ విషయమై జనగామ బాలుడొకడును మహబూబాబాదు బాలుడొకడును మాటలు మాని, వారము దినములు వేరువేరు పంక్తులలో కూర్చుండి భుజించిరి.

ఒకనాడు మేము వారిని పిలిచి, "నాయనలారా, దూరదేశపు జట్ల సంగతి యటుంచుడు. జనగామలో రైలెక్కినవాడు రెండు గంటలలోపున చేరగల హైదరాబాదులో ఒకానొక కాలమున దేశమంతటను మేటియైన జట్టొకటి యుండెను. దానిలో గొప్పవారి నైదుగురిని వరుసగా చెప్పుడు" అని యడిగితిమి. అందరును మౌనము వహించిరి. కొంతసేపటికి ఒకడు రహీముగారి పేరు చెప్పెను. 2024లో వచ్చిన 'మైదాన్' అను చలనచిత్రమువలన ఆ పేరు వానికి తెలిసినది. కాని రహీముగారు ఆ జట్టు విజయములకు గురువుగా కారకులైనవారు. దాని ఆటగాండ్రలో నొకరుగా లెక్కింపదగినవారు కారు.

ఆ మౌనమే ఈ వ్యాసమునకు కారణము. హైదరాబాదు సిటీ పోలీసు జట్టులో అగ్రగణ్యులైన ఐదుగురిని మా బుద్ధికి తోచిన వరుసలో నిచట నిలుపుచున్నాము. వరుసకంటె, ఆ వరుసను నిర్ణయించిన కొలబద్ద ముఖ్యమని మా యభిప్రాయము. ఏలయన, మన పాఠశాలలోను ఏటేట నొక బాలుని ఉత్తమ ఆటగాడని నిర్ణయించి బహుమతి నిచ్చుచున్నాము. ఏ కొలబద్దతో నిచ్చుచున్నామో ఇంతవరకు మనలో నెవరును విచారించినట్లు లేదు. ఆ సంగతి వ్యాసాంతమున చెప్పెదము.

మొదట జట్టు సంగతి. బొంబాయి నగరమున 1891లో రోవర్సు కప్పు పోటీలు ఆరంభమైనవి. మొదట చాలకాలము ఆంగ్లేయుల సైనిక పటాలములే దానిని గెలుచుచుండెను. అట్టి కప్పును హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు గెలిచినది. ఆ పోటీలు నిలిచిపోవువరకు మరి యే జట్టును ఆ పని చేయలేదు. 1957లో మరల గెలిచినది. రాష్ట్రము మారి, జట్టు పేరు ఆంధ్రప్రదేశ్ పోలీసు అయిన పిదప 1960లోను 1963లోను గెలిచి, 1962లో కలకత్తా ఈస్టు బెంగాలు జట్టుతో కప్పును పంచుకొన్నది. ఆ కాలమున ఢిల్లీలో జరుగుచుండిన డ్యూరాండు కప్పును 1950, 1954, 1957, 1961 సంవత్సరములలో గెలిచినది. 1950 నాటి డ్యూరాండు తుదిపోటీలో కలకత్తాకు చెందిన మోహను బగాను జట్టు ఎదురు నిలిచినది. మొదటి దినమున రెండు జట్లును చెరి రెండు గోళ్లు చేసి సమముగా నిలువగా, మరల నాడి పోలీసువారు ఒక్క గోలుతో గెలిచిరి.

ఈ విజయములకు మూలపురుషుడు సయ్యదు అబ్దుల్ రహీముగారు. 1909లో జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున పట్టము పొంది, హైదరాబాదు బడులలో ఉపాధ్యాయులుగా పనిచేసినవారు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శులైరి. 1950లో పోలీసు జట్టునకు శిక్షకులైరి. దేశపు జట్టు వారి శిక్షణలో 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణపతకము గెలిచినది. 1956 మెల్బోర్ను ఒలింపిక్సులో నాలుగవ స్థానము పొందినది. ఆ ఒలింపిక్సులో ఉపాంత్యపు పోటీకి చేరిన తొలి ఆసియా జట్టు మనదే. 1963 జూను 11వ తేదీన వారు పరమపదించిరి. ఆ గొప్పతనమునకు ఆద్యుడొక బడిపంతులన్న మాటను మా తోడి ఉపాధ్యాయులు సంతోషముతో చదువుదురుగాక.

ఇక వరుసకు ముందు ఇద్దరిని గూర్చి మనవి చేయవలెను. తులసీదాసు బలరాము సికిందరాబాదునకు చేరువనున్న అమ్ముగూడలో పుట్టినవాడు. 1960 రోము ఒలింపిక్సులో హంగేరీ మీదను, పెరూ మీదను గోళ్లు చేసినవాడు, 1962 స్వర్ణపతకపు జట్టులోనివాడు, 2023లో గతించెను. పీటరు తంగరాజు మన హైదరాబాదున పుట్టి, ఆసియాలోని ఉత్తమ గోలుకీపర్లలో నొకడని పేరుపొందెను. హైదరాబాదు గడ్డమీద పుట్టిన ఆటగాండ్రను లెక్కించుమన్నచో వీరి నిద్దరిని మొదటి వరుసలోనే నిలుపుదుము. కాని బలరాము పేరు ఈస్టు బెంగాలు జట్టుతోను, తంగరాజు పేరు సైనిక జట్లతోను కలకత్తా జట్లతోను ముడిపడినవి. మే మిచట వ్రాయుచున్నది ఒక ఊరి చరిత్ర కాదు, ఒక జట్టు చరిత్ర. పరుని యింటి దీపమును మన గూటిలో పెట్టుకొని మనదని చెప్పుట న్యాయము కాదు.

కొలబద్ద యేది? గోళ్ల లెక్కయే సరియైనదని పలువు రందురు. వారి వాదమున బలము లేకపోలేదు. ఆట యుద్దేశము గోలు చేయుట. గోలు చేసినవాడు ఆ యుద్దేశమును నెరవేర్చినవాడు. గోలు కంటికి కనబడును, లెక్కకు అందును, పక్షపాతమునకు తావీయదు. ఇంత సులభమైన కొలబద్దను విడుచుట యేల?

అది సులభమగుటయే దాని దోషమని మేమందుము. ఆ కాలపు ఆటలో వెనుక ఇద్దరు ఫుల్‌బ్యాకులు, నడుమ ముగ్గురు హాఫ్‌బ్యాకులు, ముందు ఐదుగురు ఫార్వర్డులు నిలుచు వాడుక బహుకాలము నుండి యున్నది. రహీముగారు క్రమముగా దానిని మార్చి, రక్షణను బలపరచి, చివరకు నలుగురు, ఇద్దరు, నలుగురుగా నిలుచు పద్ధతిని తెచ్చిరి. ఏ పద్ధతిలో నిలిచినను వారి పాఠము ఒక్కటే: బంతిని కాలివద్ద దాచుకొనకుము, వచ్చినదానిని వెంటనే తోడివానికి అందింపుము. ఇందుకై వారు బాలురకు బంతిని త్రిప్పుచు పోగూడదను నియమముతో పోటీలు పెట్టిరి. బలహీనమైన కాలితో మాత్రమే తన్నవలెనను పోటీలును పెట్టిరి. ఇట్టి ఆటలో గోలు ఒక్కని సొత్తు కాదు. పదిమంది అందించిన బంతిని పదునొకండవవాడు వలలోనికి పంపును. వలలో పడిన బంతిని మాత్రము లెక్కించువాడు, పంటను మాత్రము చూచి దుక్కిని మరచినవాడు.

కావున మా కొలబద్ద మూడు ప్రశ్నలు. ఈ యాటగాడు లేకున్న తక్కిన పదిమంది ఆట యెట్లుండెడిది? జట్టు ఉచ్ఛస్థితిలో నున్న యేండ్లలో ఇతడు ఎంతకాలము దాని భారము మోసెను? ఓటమి వచ్చినప్పుడు ఇతడేమి చేసెను?

ప్రథమ స్థానము నూర్ మహమ్మదునకు. అతడు హాఫ్‌బ్యాకు. హాఫ్‌బ్యాకు పని యింటికి గడపవంటిది. లోపలివారును వెలుపలివారును దానిని దాటియే పోవలెను. దానిని చూచి మెచ్చుకొనువాడు లేడు. శత్రువు కాలినుండి బంతిని తీసికొనుట, తీసినదానిని పొరపాటు లేక ముందువానికి చేర్చుట, చేర్చిన వెంటనే మరల వెనుకకు పరుగిడుట అతని నిత్యకృత్యము. వెంటవెంటనే అందించు ఆట సాగవలెనన్న మొదట అందించువాడు నమ్మదగినవాడై యుండవలెను. రోవర్సు కప్పు వరుసగా గెలిచిన యేండ్లలో పోలీసు జట్టునకు ఆ నమ్మకము నూర్ మహమ్మదు. 1951 స్వర్ణపతకపు జట్టులోను, 1952 హెల్సింకి ఒలింపిక్సు జట్టులోను, 1956 మెల్బోర్ను జట్టులోను అతడుండెను. హెల్సింకిలో యుగొస్లావియా మన జట్టును పది గోళ్లకు ఒక గోలుగా ఓడించినది. మనవారిలో పలువురు ఆ చలిలో ఉత్తకాళ్లతో ఆడిరి. అంతటి పరాభవము పిమ్మట ఆట మానుకొన్నను ఎవరును నిందింపకుందురు. అతడు మానలేదు. నాలుగేండ్లకు మరల ఒలింపిక్సునకు పోయి, నాలుగవ స్థానము పొందిన జట్టులో నిలిచెను. మా మూడు ప్రశ్నలకును ఇంత పూర్ణమైన సమాధానము మరియొకరియందు మాకు కానరాలేదు.

ద్వితీయ స్థానము ఫుల్‌బ్యాకు అజీజుద్దీనునకు. 1951, 1952, 1956 సంవత్సరముల జట్లలో నూర్ మహమ్మదుతో పాటు ఇతడును ఉండెను. ఇరువురును ఒకే మేడిపట్టిన కాడెద్దులు. ఫుల్‌బ్యాకు తొమ్మిదిమార్లు కాపాడి పదియవమారు తప్పినచో ఆ తప్పు మాత్రమే జనులకు జ్ఞాపకముండును. అట్టి స్థానమున అన్ని యేండ్లు దేశము చేత పిలిపించుకొనుట సామాన్యము కాదు. అతనిని రెండవవానిగా నుంచుటకు కారణ మొక్కటే: కాపాడువానికంటె కాపాడి అందించువాడు వెండ్రుకవాసి మిన్న యని మా తలంపు.

తృతీయ స్థానము యూసుఫ్ ఖానునకు. ఇతడు తరువాతి తరమువాడు, ఆంధ్రప్రదేశ్ పోలీసు అను పేరు వచ్చిన పిమ్మటి కీర్తికి ముఖ్యుడు. 1960 రోము ఒలింపిక్సునకు పోయెను. 1962 జకార్తాలో దక్షిణ కొరియాను రెండు గోళ్లకు ఒక గోలుగా ఓడించిన తుదిపోటీలో ఆడెను. 1966లో అర్జున పురస్కారము పొందెను, 2006లో కీర్తిశేషుడయ్యెను. సహజముగా హాఫ్‌బ్యాకు అయ్యును, రహీముగారు ముందు నిలువుమన్న ముందు నిలిచెను. స్వర్ణపతకమును బట్టి ఇతనినే ప్రథమునిగా నెంచవలెనని కొంద రనవచ్చును. స్వర్ణము దేశపు జట్టు గెలిచినది. మేము పోలీసు జట్టును తూచుచున్నాము. ఐదేండ్ల రోవర్సు పరంపరను కట్టినవారు ముందు తరమువారు. కట్టిన యింటిని నిలిపినవానికంటె పునాది వేసినవానికి ఒక మెట్టు ఎక్కువ ఇచ్చితిమి.

చతుర్థ స్థానము మొయినుద్దీనునకు. జనులు మొయిన్ అని పిలిచిన యీ ఫార్వర్డు హెల్సింకి జట్టులో నుండెను. గోలు చేయువారిని మేము ద్వేషించుచున్నామని యెవరును తలంపగూడదు. వరుసగా గెలిచిన యేండ్లలో లాయక్, సూసై మొదలగు తోడివారితో కలిసి ఇతడు నడిపిన ముందువరుసయే పోలీసు జట్టునకు పదును. అయినను కత్తికి పదును పెట్టిన సాన యెవరిదో మరువగూడదని నాలుగవ స్థానమున నుంచితిమి.

పంచమ స్థానము నయీముద్దీనునకు. రహీముగారి చివరి యేండ్లలో బాలుడుగా పోలీసు జట్టున చేరి, పిదప కలకత్తాకు పోయి, 1970 బ్యాంకాకు ఆసియా క్రీడలలో దేశపు జట్టునకు నాయకుడై జపానును ఓడించి కాంస్యపతకము తెచ్చెను. ఆ యేడే అర్జున పురస్కారమును, 1990లో శిక్షకునిగా ద్రోణాచార్య పురస్కారమును పొందెను. ఆటలో మాత్రము తూచినచో ఇంకను పైన నుండదగినవాడు. కాని అతని ఉత్తమ వత్సరములను అనుభవించినది కలకత్తా. బతుకుతెరువునకై మంచి జీతమిచ్చు చోటికి పోవుట తప్పు కాదు. మన జిల్లాలనుండి ఎందరు తండ్రులు అట్లు పోవుట లేదు? పోయినవానిని నిందింపము. ఉన్నవారిని ముందు లెక్కించుచున్నాము, అంతే.

ఈ వరుసను చదివి, జుల్ఫికరుద్దీను పేరేదని అడుగు పెద్దలుందురు. 1956 ఒలింపిక్సునకు పోయిన ఆ ఫార్వర్డును ఆరవవానిగా నెంచుటకు మాకు అభ్యంతరము లేదు. ఉత్తకాళ్లతో ఆడిన తరమును బూట్లతో ఆడిన తరముతో పోల్చుట యెట్లని వేరొక రడుగుదురు. అదియు న్యాయమైన ప్రశ్నయే. తూనికలో కొంత తప్పుండవచ్చును. కాని తూచుటకు కూర్చున్నవాడు ఆ మనుష్యులను జ్ఞాపకము చేసికొనక తప్పదు. వరుస తప్పైనను జ్ఞాపకము మిగులును.

మరియొక అభ్యంతరము మా బోర్డింగులోనే పుట్టినది. ఎవడు గొప్పవాడని వాదించుట క్రైస్తవ పాఠశాలకు తగునా యని ఒక బాలిక యడిగెను. కపెర్నహూమునకు పోవు త్రోవలో శిష్యులును ఇదే వాదము చేసిరి. ప్రభువు అడిగినప్పుడు సిగ్గుపడి ఊరకుండిరి. ఆయన వారి నడుమ నొక చిన్న బిడ్డను నిలువబెట్టెను. మాకు తోచినంతవరకు ఆయన గొప్పతనము లేదని చెప్పలేదు. దానిని కొలుచు కొలబద్దను తలక్రిందు చేసెను, అందరికిని పరిచర్య చేయువానిని మొదట నిలిపెను. హాఫ్‌బ్యాకును మొదట నిలుపుటకు ఇంతకంటె బలమైన ప్రమాణము మేము వెదకనక్కర లేదు.

ఇప్పుడు మా యింటి సంగతి. గడచిన సంవత్సరము మన జట్టు పోటీలలో గెలిచినది. వార్షికోత్సవమున ఉత్తమ ఆటగాని బహుమతి, ఎప్పటివలెనే, ఎక్కువ గోళ్లు చేసిన బాలున కీయబడినది. ఆ బాలుడు యోగ్యుడే. అయినను నడుమ నిలిచి, ప్రతి గోలునకు ముందు బంతిని అందించినవాడు భూపాలపల్లినుండి వచ్చిన యొక బాలుడు. సభలో అతని పేరు చదువబడలేదు. అతడు కోపపడలేదు, ఏడువలేదు. మరునాటినుండి మైదానమునకు రాలేదు. అడుగగా, చదువు పని యున్నదనెను.

కొన్ని దినములకు అతని తండ్రి వచ్చెను. ఆయన బొగ్గుగనిలో పైకప్పు కూలకుండ ఆధారములు నిలుపు పని చేయువాడు. తన కుమారునకు ఆట చేతకాదేమో, ఆ కాలమును చదువునకే వినియోగింప వచ్చునేమో యని వినయముగా నడిగెను. గనిలో బొగ్గు తవ్విన లెక్క యుండును. కూలని కప్పునకు లెక్క యుండదు. ఆ సంగతి ఆయనకు మాకంటె బాగుగా తెలియును. మాకు ప్రత్యుత్తరము తోచలేదు. ఆ బహుమతిని నిర్ణయించిన సభలో మేమును కూర్చుండి చేయెత్తినవారమే.

అందుచేత హెడ్మాస్టరుగారికిని, డ్రిల్లు మాస్టరుగారికిని, మిషను పెద్దలకును మూడు మనవులు చేయుచున్నాము. ఉత్తమ ఆటగానిని ఇకమీదట గోళ్ల పట్టిక కాక, జట్టులోని బాలురే నిర్ణయింతురుగాక. "ఎవడు నీ ప్రక్క నుండిన నీవు బాగుగా ఆడుదువు?" అని యొక్కొక్కని ఏకాంతమున నడిగిన చాలును, పిల్లలకు ఇట్టి విషయములు పెద్దలకంటె బాగుగా తెలియును. బాలికల జట్టునకును ఇదే పద్ధతి నుంచవలెను. రెండవది, గెలిచిన పోటీ సంగతి ఈ సంచికలో వ్రాయునపుడు గోలు చేసినవారి పేర్లే కాక, పదునొకండుగురి పేర్లును అచ్చువేయవలెను. మూడవది, ఏటికొకసారి పోలీసు జట్టు కథను మన మైదానమున పిల్లలకు చెప్పవలెను. మెస్సీ పేరు తెలిసిన పిల్లవానికి నూర్ మహమ్మదు పేరు తెలియకుండుట వాని తప్పు కాదు, చెప్పని మన తప్పు.

తల్లిదండ్రులకును ఒక మాట. మీ బిడ్డ ఇంటికి వచ్చినపుడు ఎన్ని గోళ్లు చేసితివని యడుగుటకు ముందు, ఎవనికి బంతి నందించితివని యడుగుడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల బిడ్డ పొలములోనైనను, రైలులోనైనను, గనిలోనైనను, కచ్చేరిలోనైనను పదిమందికి పనికివచ్చును.

భూపాలపల్లి బాలుడు ఈ వ్యాసమును చదువునని మే మెరుగుదుము. నాయనా, ఆ నాడు సభలో చదువబడని పేరు నీది. చేయెత్తిన చేతితోనే ఈ మాట వ్రాయుచున్నాము: మా లెక్కలో గడచిన యేటి ప్రథముడవు నీవే. సోమవారము సాయంకాలము మైదానమున నడుమ స్థానము ఖాళీగా నుండును.